బేసి లైన్లు వదినవి, సరి లైన్లు మరదలివి

జూన్ 6, ఆదివారం సాయంత్రం

మరదలు పిల్లా,

నిన్నూ, నీ కూతుర్నీ, అల్లుణ్ణీ, కొత్తగా దిగిన ఇద్దరు చిన్న దొరల్నీ దేవుడు చల్లగా చూడాలి. ఈ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. ఇక అసలు సంగతి. కళ్ళద్దాలు ఏవి?

"ఫోన్ చేసి అడగొచ్చుగా అమ్మా" అంటాడు నా కొడుకు. ఫోన్‌లో నీకు సగం వినపడదు. వినపడని సగానికి కూడా జవాబు చెప్పేస్తావు. పోయినసారి నీ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగితే "ఇద్దరూ పాలు తాగి పడుకున్నారు" అన్నావు. ఉత్తరమే మేలు.

ఈరోజు చర్చిలో ఏమైందో విను. మొదటి పాటకి అందరితో పాటు లేచి నిలబడ్డాను. అలవాటుగా కుడిచెయ్యి పక్కకి చాపాను. నువ్వు లేవు, అద్దాలూ లేవు. మూడో బెంచీ చివర, కిటికీ పక్కన, నీ చోట నా చేతిసంచి ఒక్కటే బుద్ధిగా కూర్చుని ఉంది. సరే, పడిపోయి లేచే పాటే కదా, నోటికి వచ్చిందే కదా అనుకుని "దారి తప్పితిని" అని గట్టిగా ఎత్తుకున్నాను. రెండో లైను వచ్చింది. నోరు దానంతట అదే మూతపడింది. కళ్ళు వాటంతట అవే చర్చి అంతా తిరగడం మొదలుపెట్టాయి. మూడో లైను "జారి పడితిని" దగ్గర మళ్ళీ నోరు తెరుచుకుంది. నాలుగో లైనుకి మళ్ళీ మూత.

నాకు సరి లైన్లు రావు మరదలా! ఇరవై ఏళ్ళుగా నేను ఒక్క సరి లైనూ పాడలేదు. నా అద్దాల మీద నేనే కూర్చుని విరగ్గొట్టుకున్న ఆదివారం గుర్తుందా? నీ అద్దాలు ఒక లైనుకి నువ్వు, ఒక లైనుకి నేను పెట్టుకుని నెట్టుకొచ్చాం. అద్దాలున్నవాళ్ళు పుస్తకం చూసి పాడటం, లేనివాళ్ళు దూరంగా ఎవరొచ్చారో, ఎవరు రాలేదో చూసి చెవిలో చెప్పడం. ఆ సుఖం మరిగి మళ్ళీ మానామా? కళ్ళద్దాల కొట్టువాడి తల్లీ మేనత్తా ఒకే జతతో పాడుతున్నారని వాడికి ఎంత నామోషీ!

ఇంకో కష్టం. పోస్టుమాస్టరు గారు విగ్గు పెట్టుకొచ్చారు. ఎర్రటిది. ఆ విగ్గు నేను రెండో లైనులో చూశాను. ఎవరి చెవిలో చెప్పను? పాటంతా అయ్యేదాకా ఆ విగ్గుని కడుపులో పెట్టుకుని నిలబడ్డాను. ప్రభువు క్షమించుగాక, ప్రార్థనలో కూడా నవ్వొచ్చింది.

కొడుకు సాయంత్రం కొట్టులోంచి కొత్త జత తెచ్చిచ్చాడు. అక్షరాలు బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి. నోరే పెగలడం లేదు.

మూడు నెలలేగా. నీ చోటు భద్రం.

సగం పాటతో మిగిలిన,
వదిన

తా.క. నా మనవరాలు చిలక ముందు పన్ను ఊడింది. దాన్ని చిన్న నాన్నమ్మకి పంపుతానంటే వద్దన్నాను. కవర్లో పెట్టేసిందేమో చూసుకో.


జూన్ 14

వదినా,

పన్ను అందింది. కవరు తెరవగానే ఒళ్ళో పడి కెవ్వున అరిచాను. పిల్లలిద్దరూ లేచారు.

కళ్ళద్దాలు నా దగ్గరే ఉన్నాయి. నువ్వే రైలు దగ్గర "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ నా సంచిలో కుక్కావు. పిల్లల గుడ్డల మడతల్లో దొరికాయి.

పిల్లల సంగతి ముందు రాస్తాను, లేకపోతే రాయలేదంటావు. పెద్దవాడు ఢంకా. ఏడిస్తే పక్కింటివాళ్ళు గోడ కొడతారు. చిన్నవాడు వేణువు. మూతి ముడిచి సన్నగా ఒక్క రాగం తీస్తాడు, ఢంకా కంటే వాడికే భయపడతాం. నా కూతురు ఆసుపత్రిలో రోగులందర్నీ చూసుకునే నర్సు. ఇంట్లో ఇద్దర్ని చూసి "అమ్మా, వీళ్ళకి గంట కొడితే వచ్చే నర్సు ఎవరే?" అని అడుగుతోంది. ఎవరో చెప్పనక్కర్లేదుగా. గంటలు నాకే మోగుతున్నాయి.

ఇక్కడి చర్చికి వెళ్ళాను. పెద్దది. బెంచీలు కావు, మెత్తటి కుర్చీలు. నా పక్క కుర్చీలో ఒకాయన, పళ్ళ డాక్టరు గారట, కూర్చున్నారు. పాట మొదలైంది. అదే పాట వదినా, పడి లేచేదే. మొదటి లైనుకి నేను నోరు మూసుకుని చుట్టూ చూస్తున్నాను. పక్కనుంచి బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు, "దారి తప్పితిని." పళ్ళ డాక్టరు గారు! నా నోరు ఠక్కున తెరుచుకుంది. "వెదకి తెచ్చితివి" అన్నాను. ఆయన "జారి పడితిని" అన్నారు. నేను "చేయి పట్టితివి" అన్నాను. నీ పక్కన నిలబడి పాడినట్టే ఉంది, గొంతు మాత్రం గోదాములోంచి వస్తోంది.

ఆరాధన అయ్యాక క్వయర్ నడిపే ఆవిడ పరుగున వచ్చి, "అలా లైను విడిచి లైను పాడటం ఎక్కడ నేర్చుకున్నారండీ? ఎంత కొత్తగా ఉంది!" అంది. ఏం చెప్పను? మా వదిన దగ్గర అన్నాను. క్వయర్లో వేసేసుకున్నారు. ఇకమీదట మగవాళ్ళు బేసి లైన్లు, ఆడవాళ్ళు సరి లైన్లట. మన దొంగబుద్ధి ఇక్కడ సంగీతమైపోయింది.

ఇంకొకటి. కూతురూ అల్లుడూ వెనక గదికి రంగు వేస్తున్నారు. నా కోసమట. మూడు నెలలు కాదమ్మా, ఇక్కడే ఉండిపో అంటున్నారు. నేనింకా అవుననలేదు, కాదనలేదు. నువ్వేమంటావు?

నీ మరదలు


జూన్ 24

ప్రియమైన మరదలికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కొత్త అద్దాలతో ఒకసారి, అద్దాలు తీసేసి ఒకసారి, కోడలితో చదివించుకుని ఒకసారి. ఎలా చదివినా రంగు వేస్తున్న గది అక్కడే ఉంది.

ఉండిపో. ఏమిటి ఆలోచన? కడుపున పుట్టిన పిల్ల, బంగారం లాంటి అల్లుడు, ఢంకా వేణువూ. గది కూడా కడుతుంటే, అదే, రంగు వేస్తుంటే కాదనడం ఏం మర్యాద? మా గురించి బెంగపెట్టుకోకు. నీ చోటు ఖాళీగా ఏం లేదులే. చర్చి ఎదురుగా కొత్తగా కొట్టు పెట్టిన టైలరమ్మ వచ్చి కూర్చుంటోంది. మంచి మనిషి. పాట పూర్తిగా పాడుతుంది.

ఇక్కడ నాకు పెద్ద ఆపద వచ్చింది, అది చెబుతాను. కొత్త పాస్టరు గారు కుర్రాడు, పైనుంచి అందర్నీ శ్రద్ధగా చూస్తాడు. నేను లైను విడిచి లైనుకి నోరు మూయడం రెండు ఆదివారాలు గమనించాడట. మొన్న ఇంటికొచ్చి, నా చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మగారూ, ఊపిరి అందడం లేదా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు పాపం.

నిజం చెప్పాలంటే ఏం చెప్పాలి? "నాయనా, ఊపిరి బాగానే ఉంది, సరి లైన్లలో నేను ఇరవై ఏళ్ళుగా జనాల బట్టలూ విగ్గులూ చూస్తున్నాను" అని చెప్పాలి. స్త్రీల సమాజం అధ్యక్షురాలిని! నోరు రాలేదు. కొంచెం దగ్గాను. దగ్గడం తప్పు. తర్వాత ప్రార్థనలో ఒప్పుకున్నాను. కానీ దేవుడికి ఒప్పుకున్నది పాస్టరు గారికి ఎలా తెలుస్తుంది?

అప్పట్నుంచి స్త్రీల సమాజం ఇళ్ళనుంచి గిన్నెల్లో సూపులు వస్తున్నాయి. బేకరీవాళ్ళు మెత్తటి రొట్టె పంపారు. పోస్టుమాస్టరు గారు, విగ్గుతోనే, కమలాపళ్ళు తెచ్చారు. చిలక కమలాపళ్ళన్నీ తినేసి "నాన్నమ్మా, ఇంకొంచెం దగ్గు" అంటోంది.

పళ్ళ డాక్టరు గారికి భార్య ఉందా అని నేను అడగడం లేదు. అడిగితే బాగుండదు.

నీ మేలు కోరే,
వదిన


జూలై 2

వదిన గారికి,

ఉండిపోమని అంత చక్కగా, అంత తొందరగా రాసినందుకు సంతోషం. నేనేమో నువ్వు పేచీ పెడతావనీ, "నోర్మూసుకుని వచ్చెయ్" అంటావనీ ఎదురుచూశాను. నా అమాయకత్వం.

టైలరమ్మ గారు కుశలమా? నా చోట ఎండ పడుతుంది, కిటికీ కర్టెను కొంచెం లాక్కోమను. ముందు బెంచీ కింద మేకు ఒకటి పైకి లేచి ఉంటుంది, కాలు జాగ్రత్త. పాట పూర్తిగా పాడే మనిషి పక్కన నిలబడితే నీకు విగ్గులు చూసే తీరిక ఎక్కడిది? భక్తి పెరిగిపోతుంది.

పళ్ళ డాక్టరు గారు బాగున్నారు. ఆయన నవ్వు చాలా బాగుంటుంది. పళ్ళు ముత్యాల్లా తళతళా మెరుస్తాయి. రిహార్సల్‌కి వెళ్ళేటప్పుడు గొడుగు పట్టి తీసుకెళతారు. మిగతాది నువ్వు అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు.

ఒక తమాషా చెప్పనా? ఇక్కడ నేను పాడేవన్నీ లేవనెత్తే లైన్లే. వెదకి తెచ్చితివి, చేయి పట్టితివి, గాయము కట్టితివి. ప్రతివారం పడకుండానే లేస్తున్నాను. నువ్వేమో అక్కడ దారి తప్పుతున్నావు, జారి పడుతున్నావు, ఎవరూ లేపడం లేదు. తలుచుకుంటే నవ్వొస్తుంది. కాసేపయ్యాక రాదు.

గదికి లేత పసుపు రంగు. కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి.

వదినా, హాస్యం పక్కన పెట్టు. నీ ఊపిరి సంగతి నిజం చెప్పు. నీకు నిజంగా ఒంట్లో బాగోనప్పుడే నువ్వు ఇన్ని జోకులు వేస్తావు. అన్నయ్య పోయిన నెలలో కూడా ఇలాగే నవ్వించావు. నాకు గుర్తుంది.

మరదలు


జూలై 11

మరదలా,

నాకేం లేదు. నిక్షేపంలా ఉన్నాను. అక్షరాలు వంకర్లు పోతే కంగారుపడకు. చిలక టేబులు ఊపుతోంది, ఆపమంటే ఇంకా ఊపుతోంది.

పాస్టరు గారు పంపిన డాక్టరు వచ్చి గుండె మీద గొట్టం పెట్టి చూశాడు. "ఊపిరి తీసుకోండి, వదలండి, తీసుకోండి, వదలండి" అన్నాడు. ఒకసారి తీసుకుని ఎంతసేపటికీ వదలకపోతే వాడే కంగారుపడి "వదలండమ్మా!" అని అరిచాడు. ఈ ఊపిరితిత్తులతో మీరు ఫుట్‌బాల్‌కి గాలి కొట్టొచ్చు అని రాసిచ్చాడు. ఆ కాగితం పాస్టరు గారికి చూపిస్తే ఆయన ఇంకా దిగులుపడ్డాడు. "అయితే డాక్టర్లకి కూడా అంతుపట్టడం లేదన్నమాట" అన్నాడు.

ఇవాళ సంఘమంతా లేచి నిలబడి నా ఊపిరి కోసం ప్రార్థన చేసింది. నేనూ నిలబడి చేశాను. కూర్చుంటే బాగుండదుగా.

టైలరమ్మ నీ మేకు సంగతి విని నీకు వందనాలు చెప్పమంది.

ఆయన వయసెంత? గొడుగు ఒకటేనా, ఇద్దరికీ చెరొకటా? నేను వూరికే అడుగుతున్నాను. ఒంటరి ఆడదానికి తోడు దొరకడం దేవుడి ఏర్పాటే అయితే వదిన ఎవరు కాదనడానికి? అయితే మాత్రం ఒక్కమాట ముందుగా చెబితే, మంచి బట్టలు కుట్టించుకునే దాన్ని. టైలరమ్మ కూడా ఎదురుగానే ఉంది.

కోడలు "అత్తయ్యా, ఈ మధ్య కాఫీలో చక్కెర బదులు ఉప్పు వేసుకుంటున్నారేంటి" అంది. రెండుసార్లే. వయసు.

నీ క్షేమం కోరే,
వదిన


జూలై 19

వదినా,

అక్షరాలు చూశాను. టేబులు ఊపితే అక్షరాలు అలా రావు. డాక్టర్లకి అంతుపట్టడం లేదట, సంఘం లేచి నిలబడిందట, కాఫీలో ఉప్పట. ఇవన్నీ రాసి, కింద పళ్ళ డాక్టరు వయసు అడుగుతావా?

ఈ వారం నాకు ఉత్తరం రాయకు. కొంచెం పని మీద ఉంటాను.

ఒంట్లో ఓపిక ఉంటే కాస్త నడువు. లేకపోతే నడవకు.

మరదలు


జూలై 19

మరదలా,

నీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. ఈ వారం నాకు ఉత్తరం రాయకు. స్త్రీల సమాజం పని మీద కొంచెం ఊరు దాటి వెళ్ళాల్సి వచ్చింది. ఎక్కడికో నాకే సరిగ్గా తెలియదు.

ఏ నిర్ణయమైనా తొందరపడి తీసుకోకు. ముఖ్యంగా శనివారం లోపల తీసుకోకు.

వదిన


జూలై 25, ఆదివారం మధ్యాహ్నం
(నీ కూతురింట్లో, నీ పసుపు గదిలో కూర్చుని)

ఓసి మరదలా, మరదలా,

నిన్న సాయంత్రం ఫోన్‌లో ఇద్దరం నవ్వడం తప్ప ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. నువ్వు "హలో" అంటే నేను పకపకా, నేను "ఏమే" అంటే నువ్వు కిలకిలా. ఇక ఇలా లాభం లేదని కాగితం తీశాను.

ఎలా జరిగిందో చెబుతాను. తలుపు కొడితే నీ కూతురు భుజం మీద ఢంకాతో వచ్చి తీసింది. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసి, "అత్తయ్యా, మీరిక్కడున్నారేంటి? అమ్మ పొద్దున్నే మీ దగ్గరకని రైలెక్కిందిగా!" అంది. అని గుమ్మంలోనే కింద కూర్చుండిపోయి నవ్వింది. ఢంకా ఏడ్చాడు. లోపల వేణువు అందుకున్నాడు. నేను పెట్టె మీద కూర్చున్నాను. మన రైళ్ళు రెండూ ఎక్కడో పట్టాల మీద ఎదురుపడి ఉంటాయి. నేను అప్పుడు బిస్కెట్లు తింటూ, పళ్ళ డాక్టరుకి ఏమని చెప్పాలో పాఠం వల్లె వేసుకుంటున్నాను. మీ ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దని నా కొడుకు దగ్గర ఒట్టు వేయించుకున్నాను. నువ్వూ నీ కూతురి దగ్గర అదే ఒట్టు వేయించుకున్నావట. మన పిల్లలకి మాట మీద ఎంత నిలకడే!

ఉదయం నీ చర్చికి వెళ్ళాను. పళ్ళ డాక్టరు గారు నాకు వంగి నమస్కారం పెట్టి నవ్వారు. ఎనభై దాటి ఉంటుంది. ఆ ముత్యాల్లో ఒక్కటీ సొంతది కాదు మరదలా! మొత్తం కట్టుడు సెట్టు! పక్కనే ఆయన భార్య, క్వయర్ నడిపే ఆవిడే, "పాట ముందు గట్టిగా నొక్కుకోండి, పోయినసారి జారాయి" అంటోంది. నాకు గొడుగు సంగతి అర్థమైంది. వాళ్ళిద్దరి గొడుగు కింద నువ్వు మూడోదానివి. నాతో ఎన్ని వారాలు ఆడుకున్నావు దొంగమొహమా!

నన్ను నీ కుర్చీలో, ఆడవాళ్ళ మధ్య నిలబెట్టారు. పాట మొదలైంది. మగవాళ్ళు "దారి తప్పితిని" అన్నారు. నా నోరు ఊరుకుంటుందా? ఇరవై మంది మగవాళ్ళ గొంతుల మీద నా ఒక్కదాని గొంతు, "దారి తప్పితినీ" అని. అందరూ తిరిగి చూశారు. ఆడవాళ్ళు "వెదకి తెచ్చితివి" అన్నప్పుడు నేను నోరు మూసుకుని, నీ చర్చి అంతా తృప్తిగా చూసుకున్నాను. ఆఖరి వరసలో ఒకాయన నిద్రపోతున్నాడు. నీకు చెప్పాలి.

ఇప్పుడు గది సంగతి. మంచి గది. కానీ మూడు గోడలకే రంగు ఉంది. నాలుగో గోడ అలాగే వదిలేశారు. నీ పెట్టె మంచం కింద ఉంది, దానికి కట్టిన తాడు కట్టినట్టే ఉంది. అది నేను మన ఇంటి దగ్గర వేసిన ముడి. నీ కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అమ్మ రోజూ ఆ పెట్టెలోంచి తాడు సందులో చెయ్యి పెట్టి బట్టలు లాక్కుంటుంది అత్తయ్యా. అందుకే నాలుగో గోడ మొదలుపెట్టలేదు. నేను ఉండమన్నది ఆశతో. అమ్మ కాదననిది నా మొహం చూసి" అంది.

మరదలా, నేను నీకు అబద్ధం రాశాను. టైలరమ్మ ఒక్క ఆదివారం కూడా నీ చోట కూర్చోలేదు. నీ చోట నా చేతిసంచే కూర్చుంది. నువ్వు వెళ్ళాక నా బేసి లైన్లు నాకే వినబుద్ధి కావడం లేదు. అడగకూడదు, పిల్లల దగ్గర ఉండే తల్లిని లాగకూడదు అని ఇన్ని రోజులు పెదవి బిగపట్టాను. సూపులు తాగాను, దగ్గాను, నవ్వించాను. ఇప్పుడు నీ ముడి చూశాక ఆగలేను.

నోర్మూసుకుని ఇంటికి రా.

నీ కోసం ఎప్పటినుంచో పేచీ పెడుతున్న,
వదిన


జూలై 25, ఆదివారం సాయంత్రం
(నీ వంటింట్లో, నీ స్టూలు మీద)

వదినా,

చిలక నా ఒళ్ళో ఉంది. టేబులు ఊపుతోంది. అక్షరాలు నిజంగానే వంకర్లు పోతున్నాయి. క్షమించు.

నీ కోడలు నిన్న నన్ను గుమ్మంలో చూసి "అయ్యో చిన్నత్తయ్యా, మా అత్తయ్య లేరే" అంది. లేరే అంటే ఏమిటి! నేను గోడ పట్టుకున్నాను. "ఎప్పుడు?" అన్నాను. "పొద్దున రైలుకి" అంది. ఆ రైలు మాట ముందే అని ఉంటే ఏం పోయేది? మన ఇంట్లో అందరూ వాక్యం చివర చెప్పాల్సింది మొదట, మొదట చెప్పాల్సింది చివర చెబుతారు.

ఇవాళ చర్చికి కొంచెం ఆలస్యంగా వెళ్ళాను. మూడో బెంచీ ఖాళీగా ఉంది. నా చోటు చూశాను, కిటికీ పక్కన, మేకుకి ఇవతల. టైలరమ్మ గారి చోటు కదా, ఆవిడ వచ్చేదాకా కూర్చుందామనుకుని వంగాను. వెనక బెంచీలోంచి ఒకావిడ లేచి నా భుజం పట్టుకుంది. మెడలో కొలత టేపు ఇంకా తీయలేదు. గుసగుసగా, కానీ గట్టిగా, "అక్కడ కూర్చోకండి. ఇంకెక్కడైనా కూర్చోండి. అది ఆవిడ మరదలి చోటు" అంది.

నేను వంగినదాన్ని మళ్ళీ లేచి నిలబడ్డాను.

"ఆవిడ సంచి ఈవారం ఊరికి పట్టుకెళ్ళారు, అందుకని నన్ను చూడమన్నారు. ఎవర్నీ కూర్చోనివ్వను. ఇందాక మంత్రిగారి బావమరిది వస్తే ఆయన్నీ లేపేశాను" అంది.

"అమ్మా, ఆ మరదలిని నేనే" అన్నాను.

నన్ను పైనుంచి కిందికి చూసింది. "రుజువేంటి?" అంది. వదినా, ఒట్టు! రుజువు అడిగింది! ముందు బెంచీ కింద మేకు ఎక్కడుందో చూడకుండా చెప్పాను. చెయ్యి పెట్టి తడిమి చూసుకుని, అప్పుడు కూర్చోనిచ్చింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

ఎక్కిళ్ళ మధ్యలోనే పాస్టరు గారు లేచి, "ఈరోజు మన పెద్దమ్మగారు రాలేదు, ఆవిడ ఊపిరి కోసం..." అని మొదలుపెట్టి, ఆపేసి కళ్ళు తుడుచుకున్నారు. స్త్రీల బెంచీల్లో ముక్కులు చీదుకుంటున్నారు. ఇక ఊరుకుంటే పాపం అనిపించింది. లేచి నిలబడి అంతా చెప్పేశాను. ఒక జత అద్దాలు, బేసి లైన్లు నీవి, సరి లైన్లు నావి, మిగతా టైములో చూపులు, చెవిలో వార్తలు. విగ్గు మాట ఎత్తలేదు. పోస్టుమాస్టరు గారు ముందు వరసలోనే ఉన్నారు.

పాస్టరు గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. భుజాలు ఎగురుతున్నాయి. ఆయన నవ్వు ఆపుకోలేక పుస్తకం కిందపడేశారు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు, చర్చి మొత్తం ఘొల్లుమంది. స్త్రీల సమాజం అయితే నీ సూపుల లెక్క తీస్తోంది, జాగ్రత్త.

"అయితే ఆ పాట ఒకసారి మీరిద్దరూ పాడినట్టే పాడండి" అన్నారు పాస్టరు గారు. "వదిన లేదండీ" అన్నాను. "మీ లైన్లు మీరు పాడండి" అన్నారు.

మొదటి లైను వచ్చింది. వాయిద్యం ఒక్కటే మోగింది. ఒక్కరు పాడలేదు వదినా. చిలక పాడబోతే నీ కోడలు నోరు మూసింది. సంఘమంతా నోరు మూసుకుని నీ లైనుని ఖాళీగా వదిలేసింది. నేను ఆ ఖాళీలోకి చెవి పెట్టి, అలవాటు కొద్దీ నీ గొంతు కోసం విన్నాను. తర్వాత "వెదకి తెచ్చితివి" అన్నాను. అంతే, మళ్ళీ ఎక్కిళ్ళు.

ఇప్పుడు నా మాట విను. ఆ గది ఢంకాకీ వేణువుకీ ఇచ్చేయమని నా కూతురికి చెప్పు. నాలుగో గోడకి వాళ్ళకి ఇష్టమైన రంగు వేయమను. ఎండాకాలంలో వస్తాను, పిల్లలకి నడక వచ్చాక పరుగెత్తడానికి వస్తాను. కానీ నా ఇల్లు ఇక్కడ. నేను నీ మొహం చూసి ఉండిపోదామనుకున్నాను. నువ్వు నా మొహం చూసి ఉండిపోమన్నావు. మన మొహాలు మండ!

నా పెట్టె నువ్వే తీసుకురా. ముడి విప్పకు, నువ్వు తప్ప ఎవరూ విప్పలేరు.

నేను ఇక్కడే ఉంటాను, నువ్వు రా. నిన్ను తీసుకురావడానికి నేనే వస్తానేమో అని మాత్రం అక్కడే కూర్చోకు. రైలెక్కే ముందు ఫోన్ చెయ్యి. నాకు వినపడకపోతే చిలక వింటుంది.

వచ్చే ఆదివారం ముందుగా వెళ్ళి నా చోట నేను కూర్చుంటాను. నీ చోట నా చేతిసంచి పెడతాను. కళ్ళద్దాలు అందులోనే ఉంటాయి.

మరదలు